యంత్రమునకు ఇంగితము నేర్పుట

(బరంపురమున జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమునందు ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరునకు మాటల అర్థమును, మాటల వెనుకనున్న మనసును నేర్పు ప్రయత్నమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మీ ఎదుట నిలిచితిని. ఇట్టి విషయము ఇంజనీరులు చెప్పవలసినది గాని, బియ్యము, పప్పులు అమ్ముకొను మెట్రిక్యులేటు చెప్పుటేమని కొందరికి తోచవచ్చును. యంత్రమును కట్టుట ఇంజనీరుల పనియే. అందులకు సందేహము లేదు. కాని దానికి నేర్పవలసిన సరకు వారి కార్ఖానాలలో దొరకదు. అది మన వంటయిండ్లలోను, అరుగులమీదను, కొట్లలోను ఉన్నది. సరకును గూర్చి మాట్లాడుటకు వర్తకునకు కొంత అధికారము కలదని నా మనవి.

మన భాషలో ఇంగితము అను మాట కలదు. మనిషి ముఖములోను, కదలికలోను, మాట తీరులోను బయటపడు లోపలి భావమునకు ఇంగితమని పేరు. దానిని కనిపెట్టు తెలివి ఇంగితజ్ఞానము. ఇంగ్లీషువారు కామన్‌సెన్స్ అనుదానికి మనము ఈ మాటనే వాడుచున్నాము. నిప్పు కాలునని తెలియుటయు, ఎదుటివాని మనసు నొచ్చినదని తెలియుటయు మన భాషలో ఒకే తెలివి క్రింద లెక్కకు వచ్చినవి. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ రెంటిని రెండు వేర్వేరు పనులుగా మొదలుపెట్టిరి. ఒకటి లేనిదే రెండవది సాగదని వారికిని క్రమక్రమముగా అనుభవమునకు వచ్చినది.

దీనికి మన ఇంటి ఉదాహరణమే చెప్పెదను. డబ్బాలో బియ్యము అయిపోయినపుడు ఇల్లాలు "బియ్యం నిండుకున్నాయి" అనును. డబ్బా అడుగు కనబడుచుండగా నిండుకొనుట ఏమి? బియ్యము లేదు అను మాట ఇంటిలో వినబడరాదని ఆమె భావము. దీపము ఆరినదని అనరు, కొండెక్కినది అందురు. చేతి గాజు చిట్లినచో పెరిగినది అందురు. ఇల్లు కదలువాడు "వెళ్ళొస్తాను" అనవలెను గాని "పోతాను" అనరాదు. నిఘంటువు చూచి ఈ మాటల అర్థము చెప్పవచ్చును. కాని వాటి లోపలనున్న భయము, ఆశ, శుభాకాంక్ష నిఘంటువులో ఒక వరుసకు లొంగునవి కావు.

ఒక పిల్లవాడు నా కొట్టుకు వచ్చి, "మా అమ్మ బియ్యం నిండుకున్నాయని చెప్పమంది" అనుననుకొనుడు. నేను మాటాడక బియ్యము తూచి, కట్టి పంపుదును. ఈ చిన్న పనిలో ఎన్ని సంగతులు ఇమిడియున్నవో చూడుడు. నిండుకొనుట అనగా అయిపోవుట. అయిపోయినవి కొనవలెను. ఆమె నాకు వార్త చెప్పి పంపలేదు, బియ్యము పంపుమని కోరినది. ఆ ఇంటిలో ఎందరు తినువారో ఎరిగినందున ఎన్ని కిలోలు కావలెనో నాకు తెలియును. పిల్లవాని చేత డబ్బు పంపలేదనగా ఖాతాలో వ్రాయుమని అర్థము. తాను రాక పిల్లవానిని పంపినదనగా, నెలాఖరున అప్పు అడుగుటకు మొగమాట పడినదని అర్థము. అట్టిచో పదిమంది ఎదుట వానిని పాత బాకీ అడుగరాదు. ఆ తల్లి చెప్పి పంపినది ఒక చిన్న మాట. నేను గ్రహింపవలసినవి ఆరు సంగతులు. ఈ ఆరింటిని యంత్రమునకు నేర్పుటయే ఇప్పటికి దాదాపు డెబ్బది సంవత్సరములుగా సాగుచున్న పని.

1958 నవంబరులో ఇంగ్లండులోని టెడింగ్టన్ అను చోట జరిగిన శాస్త్రజ్ఞుల సభలో అమెరికా దేశీయుడగు జాన్ మెకార్తీ ఒక పత్రము సమర్పించెను. కృత్రిమ మేధ అని మనము చెప్పుకొను దానికి ఇంగ్లీషు పేరు పెట్టినవాడును ఆయనయే. లోకములో అందరికి తెలిసిన సంగతులను యంత్రమునకు వాక్యములుగా అందించినచో, వాటినుండి తరువాతి సంగతులను అది తానై గ్రహింపవలెనని, అపుడే దానికి లోకజ్ఞానము కలదని చెప్పవచ్చునని ఆయన అభిప్రాయము. ఈ ప్రయత్నమునకు ఆ పత్రమును తొలిమెట్టుగా చెప్పుదురు.

రెండు సంవత్సరములకు, అనగా 1960లో, ఇజ్రాయెలు పండితుడు బార్ హిల్లెల్ ఒక చిక్కు చూపెను. ఇంగ్లీషులో పెన్ అను మాటకు వ్రాయు కలమనియు, పసిపిల్లలు ఆడుకొనుటకు కట్టిన చిన్న దడి యనియు రెండర్థములు కలవు. పిల్లవాడు తన పెట్టెకొరకు వెదకుచుండగా "పెట్టె పెన్‌లో ఉన్నది" అన్నచో, విన్నవాడు దడి యనియే గ్రహించును. ఏలన, కలములో పెట్టె పట్టదని అందరికిని తెలియును. అది తెలియని యంత్రము అనువాదమును ఎట్లు చేయగలదని ఆయన ప్రశ్న. మనుష్యుని సాయము లేక, లోపములేని అనువాదము యంత్రమువలన జరుగదని ఆయన తేల్చెను.

ఆ ప్రశ్నకు జవాబుగా కొందరు మొండి పట్టుదలతో పనికి దిగిరి. 1984లో డగ్లస్ లెనట్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఆస్టిన్ నగరమున సైక్ అను పథకము ప్రారంభించెను. ఒక మనిషి ఒకేవేళ రెండు ఊళ్ళలో ఉండడు, చనిపోయినవాడు సరకులు కొనడు అనునట్టి సంగతులను ఒక్కొక్కటిగా యంత్రమునకు అర్థమగు రీతిని వ్రాయించు పని యది. 2023లో మరణించువరకు ఆయన ఆ పనిని విడువలేదు. 1999లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి.లోని వారు ఇంకొక మార్గము పట్టిరి. పండితులు మాత్రమే వ్రాయుటేల, సామాన్య జనులే తమకు తెలిసిన సంగతులను వ్రాసి పంపవచ్చునని పిలుపిచ్చిరి. వేలమంది పంపిరి. అట్లు చేరిన వాక్యములనుండి ఏ మాటకు ఏ మాటతో ఏమి సంబంధమో చూపు పెద్ద వల యొకటి అల్లిరి. దానిని కాన్సెప్ట్‌నెట్ అందురు.

నేడు మన చేతి ఫోనులో తెలుగు మాటాడు యంత్రములు వేరు దారిని వచ్చినవి. వాటికి ఎవ్వరును ఒక్కొక్క సంగతి చెప్పలేదు. కోట్లాది పుటల వ్రాతను వాటికి చూపి, ఒక మాట తరువాత ఏ మాట రావచ్చునో ఊహించు అభ్యాసము చేయించిరి. తప్పినపుడు లోపలి లెక్కలను సరిదిద్ది, మరల ఊహింపజేసిరి. మాట అర్థము దాని సావాసమునుబట్టి తెలియునని ఫర్త్ అను ఇంగ్లీషు భాషావేత్త 1957లోనే సూచించియుండెను. ఆ సూత్రమునే ఇపుడు అపారమైన లెక్కలతో నడిపించుచున్నారు. 2017లో గూగుల్ సంస్థకు చెందిన వారు ప్రకటించిన ఒక పద్ధతి ఈ పనిని మిక్కిలి వేగపరచినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనుల చేతికి వచ్చినపిదప ఇంటింట ఈ మాటయే అయినది.

వీటికి ఇంగితము కలిగినదా అని పరీక్షించిన విధమును కూడ తెలిసికొనవలెను. 2011లో హెక్టర్ లెవెక్ అను కెనడా శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష సూచించెను. దాని తీరు మన భాషలో చెప్పెదను. "బిందె సంచిలో పట్టలేదు, అది మరీ పెద్దది" అన్నచో పెద్దది బిందె. "బిందె సంచిలో పట్టలేదు, అది మరీ చిన్నది" అన్నచో చిన్నది సంచి. ఆరేండ్ల పిల్లయు తడబడక చెప్పును. 2016లో న్యూయార్కులో జరిగిన పోటీలో అన్నింటికంటె మేలైన యంత్రమునకు 58 శాతము మాత్రమే ఒప్పులు వచ్చినవి. 2019 నాటికి క్రొత్త యంత్రములు ఇట్టి ప్రశ్నలలో 90 శాతము దాటినవి. ఆ ఫలితమును ప్రకటించినవారే, ఇది నిజముగ లోకజ్ఞానమా, లేక ప్రశ్నల కూర్పులోని జాడలను పట్టిన నేర్పా అని అనుమానము వెలిబుచ్చిరి. వారి నిజాయితీని మెచ్చుకొనవలెను.

ఇక మనసు సంగతి. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఎం.ఐ.టి. ఆచార్యుడు ఎలైజా అను చిన్న ప్రోగ్రాము వ్రాసెను. మనము చెప్పిన మాటనే కొంచెము త్రిప్పి తిరిగి ప్రశ్నగా అడుగుట తప్ప దానికి వేరొకటి తెలియదు. "నాకు దిగులుగా ఉంది" అన్నచో, "ఎందుకు దిగులుగా ఉంది?" అను తీరు. ఆయన దానిని తయారుచేయుచుండగా చూచిన కార్యదర్శియే, దానితో మాటాడుచు కొంతసేపటికి ఆయనను గది వెలుపలికి వెళ్ళుమని కోరినదట. ఆచార్యునకు ఆనందము బదులు భయము కలిగెను. 1976లో ఆయన ఒక గ్రంథము వ్రాసి, మనుష్యుడు చేయవలసిన కొన్ని పనులను యంత్రమునకు అప్పగింపరాదని హెచ్చరించెను.

1997లో రోజలిండ్ పికార్డ్ అను విదుషీమణి, మనుష్యుల భావములను గుర్తించు యంత్రములను గూర్చి గ్రంథము ప్రకటించిన పిదప ఇది ప్రత్యేక శాస్త్రముగా పెరిగినది. మాటలను మంచి భావము, చెడు భావము అని తూచి పట్టికలు వేయుట అందు ఒక పని. 2010లో అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ అనువారు భారతీయ భాషలకు ఇట్టి పట్టికలు కూర్చినపుడు హిందీ, బెంగాలీలతోపాటు తెలుగును కూడ చేర్చిరి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారును తెలుగు వాక్యములలోని భావములను గుర్తించు పని చేసిరి. ఇవి మనము కృతజ్ఞతతో తలచుకొనవలసిన పనులు.

కాని పట్టికకు లొంగని సంగతులు చూడుడు. చలిదేశములో పుట్టిన ఇంగ్లీషున వెచ్చదనము ప్రేమకు గుర్తు, చల్లదనము నిర్లక్ష్యమునకు గుర్తు. మన ఎండలలో పెరిగిన భాషకు చల్లదనమే ప్రేమ. చల్లని తల్లి, చల్లని చూపు, "నీ కడుపు చల్లగా" అను దీవెన మనవి. మనకు కాలినపుడు కోపము, మండినపుడు అసూయ. ఇంగ్లీషు వ్రాతలే అత్యధికముగా చదివిన యంత్రము ఆ తూకపురాళ్ళతోనే మన మాటలను తూచినచో, దీవెన కాస్తా తిరస్కారము కావచ్చును. అట్లే నాయనమ్మ మనుమని పట్టుకొని "నీ మొహం మండ, ఇంతసేపు తిండి తినకుండా ఎక్కడ తిరిగావురా?" అనినచో, ఆ వాక్యములో మంచి మాట ఒక్కటియు లేదు. ఉన్నదంతయు ప్రేమయే. దానికి మారుగా, "ఆహా, ఎంత పెద్దమనిషివయ్యా!" అనినపుడు ప్రతి మాటయు మంచిదే, లోపల ఉన్నది ఎత్తిపొడుపు.

పెద్ద యంత్రములు ఇట్టివి కొన్నింటిని నేడు చక్కగనే గ్రహించుచున్నవి. అబద్ధము చెప్పరాదు. ఎక్కడ వ్రాత విస్తారముగా ఉన్నదో అక్కడ వాటికి పట్టు చిక్కినది. వ్రాత లేనిచోట పట్టు లేదు. సభవారు గమనింపవలసిన విషయము ఇదియే. యంత్రము నేర్చునది వ్రాసినదానినుండి. మన ఇంటి తెలుగును ఎవరు వ్రాసిరి?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు, అంతవరకు మద్రాసు రాజధానిలోనుండిన ఈ ప్రాంతము అందు చేరినది. మన పిల్లలు ఒరియా, ఇంగ్లీషు చదువుచున్నారు. అది ఉచితమే. ఈ ఊరి అన్నము తినుచు ఈ ఊరి భాష నేర్వకుండుట అమర్యాద. కాని మన తెలుగు బడికి దూరమై, అచ్చుకు దూరమై, ఇంటి నోటిలో మాత్రమే నిలిచినది. మనవైపు గుంట అనగా ఆడపిల్ల, గుంటడు అనగా మగపిల్లవాడు. "గుంట ఏడుస్తోంది" అన్నచో మన ఇంటిలో తల్లి పరుగెత్తును. ఇతర జిల్లాలవారికి గుంట అనగా నేలలోని గొయ్యి. బార్ హిల్లెల్ చూపిన చిక్కు మన ఉయ్యాల ప్రక్కనే ఉన్నది.

మరియొక చిక్కు కలదు. ఒకే సంస్కృత పదము ఇరుగుపొరుగు భాషలలో వేరు వేరు మనసులతో తిరుగుచున్నది. తెలుగున శిక్ష అనగా దండన, ఒరియాలో చదువు. తెలుగున చేష్ట అనగా వెకిలి పని యను ధ్వని కలదు, ఒరియాలో ప్రయత్నము. నేనిపుడు చేయుచున్నది ఉపన్యాసము గదా! ఒరియా చదివిన మన పిల్లలకు ఉపన్యాసమనగా నవల. నేను ఎంతసేపు మాటాడుదునోయని వారు భయపడుటలో వింత లేదు. హోసూరులోను, బెంగుళూరులోను ఉన్న మనవారికి అవసరము అను మాటతో ఇదే తంటా. మనకు అది కావలసినపని, తమిళ కన్నడములలో అది తొందర. షోలాపూరులోని మనవారికి శిక్ష విషయమున చిక్కు లేదు, మరాఠీలోను అది దండనయే. యానాములోనివారికి ఇట్టి మాటలు వేరుగా ఉండవచ్చును. రెండు భాషల నడుమ తరతరములుగా బ్రతికినవానికి ఏ మాట ఏ గుమ్మము దాటినచో ఎట్లు మారునో తెలియును. ఆ తెలివి గ్రంథములలో ఎక్కడను ఒకచోట వ్రాసి లేదు.

మనము, మేము అను రెండు మాటలను కూడ చూడుడు. ఇంగ్లీషునకును హిందీకిని ఆ రెంటికి ఒకటే మాట. ఆ భాషలనుండి తెలుగులోనికి మార్చు యంత్రము రెంటిలో ఏదో యొకటి ఎన్నుకొనవలెను. "మేము ఈ ఊరివారము" అన్నచో వినుచున్న పొరుగువాడు వెలుపలివాడగును. "మనము ఈ ఊరివారము" అన్నచో అతడు చుట్టమగును. పరరాష్ట్రమున అల్పసంఖ్యాకులుగా బ్రతుకు మనకు ఈ భేదము వ్యాకరణ విషయము మాత్రమే కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది పండితుల ముచ్చట గదా, మనకు నష్టమేమని అడుగవచ్చును. ఆసుపత్రి సంగతి తలచుడు. ఇచ్ఛాపురము వైపునుండి, చుట్టుప్రక్కల పల్లెలనుండి ఒరియా రాని ఆడువారు వైద్యమునకు బరంపురము వచ్చుచుందురు. డాక్టరునకు తెలుగు రాదు. నడుమ ఫోను అనువాదము చేయవలెను. అత్తగారు "మా కోడలు వట్టిమనిషి కాదు" అనును. కోడలు గర్భవతి యని ఆమె చెప్పినది. యంత్రము దానిని "ఆమె సామాన్యురాలు కాదు" అని మార్చినచో, గర్భిణికి ఇయ్యరాని మందు ఇచ్చుటకు, తీయరాని ఎక్స్‌రే తీయుటకు అవకాశము కలదు. "నీళ్ళోసుకుంది" అనగా గర్భము ధరించినది, "నీళ్ళాడింది" అనగా ప్రసవించినది. రెంటిని స్నానముగా భావించినచో ఏమగునో చెప్పనక్కరలేదు. మన స్త్రీలు సిగ్గుచేతను, దిష్టి తగులునను జంకుచేతను ఈ సంగతులను చాటు మాటలలో చెప్పుదురు. ఆ చాటు తెలియని యంత్రమును నడుమ నిలుపుట ప్రాణములతో బేరము.

రెండవ నష్టము నెమ్మదిగా జరుగునది. పూర్వము పిల్లలు మాట తెలియనిచో అమ్మమ్మను అడుగుచుండిరి. ఇపుడు ఫోనును అడుగుచున్నారు. ఫోను చెప్పినదే తెలుగు, అమ్మమ్మ చెప్పినది తప్పు అను భావము వారిలో నాటుకొనినచో, అమ్మమ్మ మాట మానును. ఆమెతోపాటు వెళ్ళిన మాట తిరిగి రాదు.

ఇచ్చట ఇంకొక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. ఇంగితము నేర్చిన యంత్రమునకు మనసు కలిగినదని భ్రమపడరాదు. "మీ బాధ నాకర్థమైంది" అని అది చెప్పగలదు. దానికి ఆకలి లేదు, తల్లి లేదు, పోగొట్టుకొనినది ఏమియు లేదు. బిడ్డలు దూరదేశములలోనుండగా ఒంటరిగానున్న పెద్దలు దానితో కాలక్షేపము చేసినచో తప్పు పట్టను. కాని ఆ పెద్దల ఇంటికి మనము వెళ్ళుట మానరాదు. మంచి గుమాస్తా లెక్క తప్పులేకుండ వ్రాయగలడు. కష్టములోనున్నవాని బాకీని కొట్టివేయుటకు యజమాని మనసు కరగవలెను. యంత్రమును గుమాస్తా స్థానమున కూర్చుండబెట్టిన మేలే.

ఇపుడు కర్తవ్యమును గూర్చి. మన ప్రక్కనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగానుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు, లిపియును పుస్తకములును లేని సవర భాషను సవరల నోటినుండియే నేర్చి వ్రాసిరి. వారి సవర భాషా గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆయన వ్యావహారిక భాషకొరకు పోరాడినవారు. నేను ఈ పాతవాసనగల తెలుగున మాటాడుచు ఆయన పేరు చెప్పుటకు ఆయన ఆత్మ నవ్వుకొనునేమో! భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములతో 1962లోను, రెండవది చేనేత పదములతో 1971లోను వచ్చినవి. పొలములోను, మగ్గము దగ్గరను అడిగి సేకరించిన మాటలవి. ఈ ఇద్దరు పెద్దలు కంప్యూటరుకొరకు పని చేయలేదు. అయినను మనము చేయవలసిన పనికి మార్గము చూపిరి.

వర్తకులు మొదట చిట్టాలో వ్రాసి, పిమ్మట ఆవర్జాకు ఎక్కించునట్లు, ప్రతి ఇంట ఒక మాటల చిట్టా ఉంచవలెనని నా ప్రతిపాదన. మాట ఒక్కటియే వ్రాసిన చాలదు. ఆ మాటను ఎవరు ఎవరితో అందురు, ఏ సందర్భమున అందురు, ఏ భావముతో అందురు, ఎపుడు అనరాదు అను నాలుగు సంగతులు కూడ వ్రాయవలెను. ఉదాహరణమునకు "వట్టిమనిషి కాదు" అను మాట. పెద్ద ఆడువారు తమలో తాము గాని, వైద్యునితో గాని అందురు. గర్భవతి యని అర్థము. సంతోషము, జంకు కలిసిన భావము. మగవారు అంతగా అనరు. ఈ నాలుగు గడులు నిండినచో యంత్రమునకును పనికివచ్చును, మన మనుమలకును పనికివచ్చును. ఇంటి రహస్యములు, మనుష్యుల పేర్లు అందులో వ్రాయరాదు. చెప్పిన పెద్దల అనుమతి లేనిదే బయట పెట్టరాదు.

మన మాటలను తీసికొని పెద్ద కంపెనీలు లాభము చేసికొనును గదా, ఉచితముగా ఏల ఇయ్యవలెనని కొందరు మిత్రులు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. నా జవాబు వర్తకుని జవాబే. సరకు మొదట మన గిడ్డంగిలో చేరవలెను. కాగితముమీద వ్రాసిన ప్రతి మనవద్ద ఉండవలెను. తరువాత అందరికి అందుబాటులోనుండు తెలుగు విక్షనరీ వంటి చోట్ల పెట్టవచ్చును. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన భాషిణి పథకములో భాషాదాన్ అను ఏర్పాటు కలదు. అందు ప్రజలు తమ వాక్యములను, కంఠమును ఇయ్యవచ్చును. అందరికి తెరచియున్న చోట నుంచినది ఒక్క కంపెనీ సొత్తు కాజాలదు. మనము ఇయ్యకున్నంతమాత్రమున యంత్రములు ఆగవు. మన మాట లేకుండగనే తెలుగు ఇదియని చెప్పును. నష్టము ఎవరికో మీరే ఆలోచింపుడు.

కావున సభవారి ఎదుట మూడు విషయములు ఉంచుచున్నాను. ఒకటి, ప్రతి కుటుంబము ఈ నెలలోనే చిట్టా ప్రారంభింపవలెను. రెండు, నెలకొక ఆదివారము సంఘ కార్యాలయమున పెద్దలు చెప్పగా చదువుకొనుచున్న యువతీయువకులు వ్రాసికొని, కంప్యూటరునకు ఎక్కింపవలెను. పెద్దలకు మాట తెలియును, పిల్లలకు మీట తెలియును. ఇరువురు ఒక బల్లచుట్టు కూర్చుండుటయే ఒక లాభము. మూడు, ఈ పత్రికలో వారమునకు ఐదు మాటలు, పైన చెప్పిన నాలుగు వివరములతో ప్రకటింపవలెను. హోసూరు, షోలాపూరు, యానాము, బెంగుళూరు మొదలగు చోట్లనున్న మనవారు తమ తమ మాటలు పంపినచో ఒక్కొక్క ఊరి ఇంగితము ఒక్కచోట చేరును.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక కలము, ఇంటిలోని పెద్దామె ప్రక్కన అరగంట కూర్చుండు ఓపిక చాలును. ఆ పెద్దామెకు ఎన్నేళ్ళున్నవో లెక్కవేసికొనినచో, ఈ పనిని వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయుట తగునా తగదా అనునది ఎవరికివారే తెలిసికొనగలరు.

ఈ మూడు అంశములను తీర్మానముగా ఆమోదింపవలసినదిగా సభవారిని ప్రార్థించుచున్నాను.